అబ్లేషన్‌ను నాన్నగారికి తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారికి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉందని, అబ్లేషన్ చేయించుకోమని డాక్టరుగారు చెప్పారు. ఆయనకు అర్థమయ్యేలా చెబుదామని వెతికితే ఒకచోట 'తొలగింపు', మరోచోట 'కణజాల దహనం' అని కనిపించాయి. ఏది సరైన మాటండీ?

జవాబు: 'దహనం' మాత్రం వద్దండీ. ఆ మాట వినగానే మనకు శ్మశానమే గుర్తొస్తుంది. అసలే టెన్షన్‌లో ఉన్న పెద్దాయన చెవిన అది వేయకూడదు. 'తొలగింపు' కూడా కుదరదు. లాటిన్ మూలానికి 'తీసుకుపోవడం' అనే అర్థం ఉన్నా, ఇక్కడ గుండెలోంచి ఏదీ కోసి తీయరు.

జరిగేది ఇదీ. గజ్జల దగ్గరి సిరలోంచి కేథటర్ అనే సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపుతారు. కుడి కర్ణికకు, అంటే గుండె కుడివైపు పై గదికి చేరాక, మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమ కర్ణికలోకి వెళ్తారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలు, మామూలుగా నాలుగు, అక్కడే కలుస్తాయి. లయను చెడగొట్టే సంకేతాలు ఎక్కువగా ఆ సిరల్లోంచే బయల్దేరుతున్నాయని ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ అయిసగేర్ బృందం 1998లో చూపించింది. అందుకే ఆ సిరల మొదళ్ల చుట్టూ కండకు మచ్చ కట్టిస్తారు. మచ్చ కట్టిన చోట విద్యుత్ సంకేతం దాటదు. సిరలో పుట్టింది సిరలోనే ఆగిపోతుంది.

కేథటర్ కొస ఆనిన చోట కండ వేడెక్కుతుంది కాబట్టి, నా మటుకు నాకు 'చురక' దగ్గరి మాట. 'వాత' అంటే శిక్ష గుర్తొస్తుంది. ఆయుర్వేదంలో 'అగ్నికర్మ' ఉంది గానీ ఇళ్లలో ఆ మాట వాడకం లేదు.

మరొకరు: చురక బాగానే ఉంది మాస్టారూ. కానీ క్రయో బెలూన్‌తో చేసేది చల్లదనంతో కదా? ఇప్పుడు పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతి కూడా వచ్చింది, అందులో ప్రధానంగా పనిచేసేది వేడి కాదు, విద్యుత్ స్పందనలు.

జవాబు: నిజమేనండీ, వాటికి చురక అతకదు. మూడింటిలోనూ చివరికి మిగిలేది మచ్చే. స్టెంట్‌ను స్టెంట్ అనే అంటున్నాం కదా, దీన్నీ అబ్లేషన్ అనే ఉంచి, 'మచ్చ కట్టించి తప్పుడు సంకేతానికి దారి మూయడం' అని విడమరిస్తే చాలు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరో మాట. బ్లడ్ థిన్నర్‌ను అందరం 'రక్తం పలచబడే మందు' అంటున్నాం. మన ఇళ్లలో రక్తం పలచబడిందంటే నీరసం, ఒంట్లో రక్తం లేకపోవడం. అలాంటి పేరున్న మందును ఎవరు ఇష్టంగా మింగుతారు? నిజానికి అది రక్తాన్ని పలచన చేయదు, గడ్డ కట్టకుండా చూస్తుంది. ఈ జబ్బులో కర్ణిక సరిగ్గా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అబ్లేషన్ అయ్యాక కూడా కనీసం రెండు మూడు నెలలు ఆ మందు వాడమంటారు. కొందరికి అంతకు మించి కూడా అవసరమవుతుంది. అందుకని నాన్నగారికి 'గడ్డ కట్టనివ్వని మందు' అనే చెప్పండి. దడ తగ్గింది కదా అని, డాక్టరుగారిని అడగకుండా మానేయవద్దని కూడా చెప్పండి.