అప్‌డేట్: కాళ్లు పొడిగించుకునే ఆపరేషన్ సంగతి ఏమైందంటే

నాలుగు నెలల క్రితం అడిగాను కదా, నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, కాళ్లు పొడిగించుకునే సర్జరీ చేయించుకోవాలా వద్దా అని. చేయించుకోవట్లేదు. ప్రస్తుతానికైతే.

ఎముకల డాక్టర్లు ఇద్దరిని కలిశాను. మొదటాయన పది నిమిషాల్లోనే డేట్ ఇచ్చేస్తానన్నాడు. రెండో ఆవిడ గంటసేపు కూర్చోబెట్టి ఎక్స్‌రే మీద పెన్సిల్‌తో చూపించారు. ఎముకను కోసి, లోపల రాడ్ పెట్టి, ఆ రెండు ముక్కలను రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున దూరం జరుపుతారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 6 సెంటీమీటర్లంటే జరపడానికే రెండు నెలలు, అది గట్టిపడటానికి ఇంకా చాలా నెలలు. ఇదంతా నేను చదివిందే. నేను పట్టించుకోనిది కండరాల సంగతి. ఎముకంత తేలిగ్గా కండరాలు, నరాలు సాగవట. మోకాలు చాపి పాదం పైకి వంచమన్నారు. కాస్త వంగి ఆగిపోయింది.

"ఇప్పుడే ఇంత బిగువుంటే, తర్వాత మడమ నేలకు ఆనడమే కష్టం కావచ్చు. నెలల తరబడి రోజూ ఫిజియోథెరపీ చేయగలరా?"

చేస్తాననే అన్నాను. (నేను జిమ్‌కి వెళ్లింది మొత్తం పదకొండు రోజులు.)

"ఎత్తు గురించి రోజుకు ఎన్నిసార్లు ఆలోచిస్తారు?" అని కూడా అడిగారు. లెక్క చెప్పలేకపోయాను. సైకాలజిస్టును కలవమన్నారు. నాకు పిచ్చి అనుకుంటున్నారా అని ఒళ్లు మండింది. అయినా వెళ్లాను, ఆరు సిట్టింగులయ్యాయి. టెన్షన్ కొంచెం తగ్గింది. బూట్లలో పెట్టుకునే హీల్ ప్యాడ్లు మాత్రం ఇంకా పారేయలేదు.