ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజుల ప్రోగ్రామింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కల మాస్టారు:

ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. కంప్యూటరుతో నా సావాసం మార్కుల జాబితాలు, జీతం బిల్లులు దాటి పోలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలోనే కోడింగ్ మొదలుపెట్టాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది కదా, లెక్కలు వచ్చినవారికి ఇదెంత పని అంటూ మా ప్రధానోపాధ్యాయురాలు దీన్ని నాకు అప్పగించారు. కాదనలేకపోయాను.

సంక్రాంతి సెలవుల తర్వాత పది రోజులు, బడి వదిలాక రోజుకు గంట. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 24 మంది. ల్యాబులో పదకొండు కంప్యూటర్లు ఉన్నాయి, వాటిలో లేచేవి ఏడు. ఇంటర్నెట్టు ఉన్నా లేనట్టే. సగం మంది పిల్లలు అయిదుంబావు బస్సు అందుకోవాలి.

నేను రాసుకున్న ప్రణాళిక ఇది: మొదటి రోజు కంప్యూటరుకు ఆద్యుడనే బాబేజీ నుంచి నేటి వరకు కంప్యూటరు చరిత్ర, రెండో రోజు దాని భాగాలు, మూడో రోజు ఫ్లోచార్టు, నాలుగో రోజు ద్విసంఖ్యామానం. అయిదో రోజు నుంచి, ఆదేశాలు టైపు చేసి రాసే పైథాన్ భాష, చివరికి ఒక కాలిక్యులేటర్. ఇది పది రోజుల్లో పడుతుందా? పైథాన్ బదులు స్క్రాచ్ అంటున్నారు కొందరు, అంటే ఆదేశాల బ్లాకులను మౌసుతో పేర్చి తెర మీది పిల్లి బొమ్మను నడిపించేది. చివర్లో పరీక్ష పెట్టాలా?

మాదాపూర్ ఇంజినీరు:

పైథానే చెప్పండి సార్. స్క్రాచ్ బొమ్మలాట, పిల్లలు పిల్లిని మియావ్ అనిపించి అక్కడే ఆగిపోతారు. పైథాన్ అయితే ఇంజినీరింగ్ దాకా పనికొస్తుంది. చరిత్ర మాత్రం తీసేయండి. అది వింటూ నేనే నిద్రపోయేవాణ్ణి.

పాత ల్యాబు టీచరు:

మాస్టారూ, మొదటి నాలుగు రోజుల కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకు ముందు ఏదో ఒకటి కదలాలి, అదీ తను చెబితేనే కదలాలి. బాబేజీ గారు అంతవరకు ఆగగలరు.

ఇంజినీరు బాబు మాట కొట్టిపారేయను, ఎందుకంటే మొదటి ఏడాది నేనూ పైథాన్‌తోనే దిగాను. కొటేషన్ గుర్తు ఏ మీట మీద ఉందో, దానికి షిఫ్ట్ ఎందుకు నొక్కాలో చెప్పేసరికి నలభై నిమిషాలు అయిపోయాయి. తెర మీద మాట చూపించే ప్రింట్ అనే ఆదేశంలో మొదటి అక్షరం పెద్దది కొడితే చాలు, ఎర్ర రంగులో ఇంగ్లీషు చివాట్లు. ‘టీచర్, ఇది నన్ను ఏమంటోంది?’ అని ఒక అమ్మాయి బెదురుగా అడిగింది. మర్నాడే స్క్రాచ్‌కు మారాను. అందులో తప్పు చేస్తే పిల్లి తప్పు దారిన పోతుంది, అంతే. పోయిన దారి తెర మీద కనబడుతుంది కాబట్టి తప్పెక్కడో పిల్లలే వెతుక్కుంటారు. బొమ్మలాటే, కాదనను. 1967 నాటి లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాష నుంచి, 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వారు విడుదల చేసిన ఈ స్క్రాచ్ వరకు అందరూ కావాలనే పిల్లలను బొమ్మలతో ఆడించారు.

మొదటి రోజు కంప్యూటర్లు ఆన్ చేయవద్దు. వరండాలో సుద్దముక్కలు ఇవ్వండి. ఒకరు వీపు తిప్పి నిలబడి ముగ్గు చెప్పాలి, ఇంకొకరు విన్నది మాత్రమే గీయాలి. ‘ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు’ అని ఇంట్లో అమ్మలు చెప్పుకుంటారు కదా, అంత చిన్న మాటలో 37 చుక్కలు ఎలా ఇమిడాయో అడగండి. ‘అటువైపు కూడా ఇలాగే’ అని ఎవరో ఒకరు అంటారు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే రిపీట్ బ్లాకు పాఠం అక్కడే అయిపోయింది. గీసే పని ముగ్గులు రాని మగపిల్లలకు ఇవ్వండి. వచ్చినవారు చెప్పనిది కూడా గీసేస్తారు, తప్పు బయటపడదు.

రెండో రోజు నుంచి పన్నెండు మంది ల్యాబులో ఇద్దరిద్దరుగా, మిగతా పన్నెండు మంది వరండాలో కాగితం మీద, అరగంటకు మార్పు. అప్పుడు ఆరు కంప్యూటర్లు చాలు, ఏడోది మొరాయించినదాని బదులు. స్క్రాచ్‌ను ముందే పెన్‌డ్రైవ్‌తో అన్నింటిలో ఎక్కించండి, తర్వాత ఇంటర్నెట్టు అక్కర్లేదు. విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ లేని యంత్రంలో స్క్రాచ్ 3 ఎక్కదు, పాత 1.4 వాడండి. కానీ అన్నింటిలో ఒకటే ఉండాలి. 3లో దాచిన ఫైలు 1.4లో తెరుచుకోదు, పిల్లలు ఏడుస్తారు.

ముందు చతురస్రం గీయించి, తర్వాత త్రిభుజం ఇవ్వండి. ఎంత తిప్పాలో చెప్పవద్దు. ఆఖరి నాలుగు రోజులు వాళ్ల సొంత ఆటకు వదిలేయండి. పరీక్ష వద్దు. తల్లిదండ్రులను పిలిచి ఆ ఆటలు ఆడించండి.

బీటెక్ రెండో సంవత్సరం:

ఒక్క మాట సార్. మా బడిలో ఒక కంప్యూటరుకు నలుగురం. ఏడాదంతా మౌసు పట్టుకున్నది ఒకే అబ్బాయి, నేను వెనక నిలబడి చూసేదాన్ని. గంట కొట్టి మరీ చేతులు మార్పించండి. ‘మీరే మార్చుకోండి’ అంటే ఎవరూ మార్చరు.

లెక్కల మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో నేనే కూర్చున్నాను. పిల్లి నడిచిన దారిన గీత గీయించే పెన్ బ్లాకులు ఎడమ మూల కింద దాక్కున్నాయని తెలుసుకోవడానికే పావుగంట పట్టింది. చతురస్రం వచ్చింది. సమబాహు త్రిభుజమే కదా అని మూడు సార్లు, 60 డిగ్రీలు ఇచ్చాను. సగం తెగిన చట్రంలా ఏదో గీసి పిల్లి ఆగిపోయింది! మూడును ఆరు చేస్తే చక్కని షడ్భుజి. పిల్లి తిరిగేది బయటి కోణం, అంటే 120. ఇరవై రెండేళ్లుగా బాహ్యకోణాలు చెబుతున్నవాణ్ణి, మా ఆవిడ పక్కనే ఉండి నవ్వింది.

ఇంకో ఫిర్యాదు. మనం సున్నా డిగ్రీలను కుడివైపు పెట్టి గడియారానికి ఎదురు దిశలో లెక్కిస్తాం. ఇక్కడ సున్నా పైకి, 90 కుడికి. ఇది పిల్లలకు ఎలా చెప్పాలి? కరెంటు పోతే ఏం చేయాలి?

పాత ల్యాబు టీచరు:

దిక్సూచి అని చెప్పండి. ఉత్తరం సున్నా, తూర్పు 90. సాంఘిక శాస్త్రం మాస్టారి దగ్గర ఒకటి ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

కరెంటుకు మందు లేదు. మౌసు చేతులు మారిన ప్రతిసారీ ఫైలు దాచడం అలవాటు చేయండి, ఆ అమ్మాయి చెప్పిన గంట దీనికీ పనికొస్తుంది. కరెంటు పోయిన రోజున కాగితం మీద నక్షత్రం ఇవ్వండి. అయిదు సార్లు, 72 డిగ్రీలు అని రాస్తారు. మర్నాడు నడిపిస్తే పంచభుజి వచ్చిందని గొడవ చేస్తారు. అప్పుడు కూడా 144 అని చెప్పవద్దు మాస్టారూ, మీకు నోరు దురద పెడుతుందని నాకు తెలుసు. నక్షత్రం మీద వేలు పెట్టి ఒక పిల్లను నడిపించి, మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమనండి. అయిదు గంటలకల్లా వదిలేయండి, బస్సు పిల్లలు తలుపు వైపే చూస్తుంటారు.