వాటా అడిగితే ‘గొడవ’ అంటారెందుకు?

కందుకూరు మేనకోడలు:
మా తాతగారు పోయి రెండేళ్లయింది. కందుకూరు దగ్గర నాలుగెకరాల పొలం, ఒక పొగాకు బేరన్ ఉన్నాయి. అన్నీ ఆయన తండ్రి నుంచి వచ్చినవే, ఇంతవరకూ పంపకాలు జరగలేదు. సంతానం ముగ్గురు: మా నాన్న, బాబాయి, మేనత్త. పోయిన నెల అత్త వచ్చి వరండాలో చాప మీద కూర్చుంది. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, “అన్నా, నా భాగం సంగతి కూడా చూడండి” అంది. అంతే. గొంతు పెంచలేదు. మజ్జిగ తాగి, గ్లాసు తొలిచి బోర్లించి మరీ వెళ్లింది. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: “ఆడపడుచు గొడవకొచ్చిందట.”

గొంతు పెంచనిది, ఎవరినీ తిట్టనిది గొడవ ఎలా అయింది? మన భాషలో ఇలాంటి వాటికి మాటలు తక్కువా? మాట పట్టింపు ఉంది, పేచీ ఉంది, తగవు, తగాదా, కయ్యం, కక్ష ఉన్నాయి. బజారుకెక్కితే రచ్చ. పెళ్లి పందిట్లో ఎదురుపడి కూడా పలకరించుకోకపోతే “వాళ్లకు మాటల్లేవు” అంటాం, అందులో పదేళ్ల కథ ఇమిడి ఉంటుంది. ఇన్ని ఉండగా అత్త అడిగినదానికి గొడవ ఒక్కటే దొరికిందా?

కోవూరు పెద్దాయన:
అమ్మా, ముప్పై ఏళ్లుగా పెద్దమనుషుల్లో కూర్చుంటున్నాను. కాలువ నీళ్ల దగ్గర నుంచి గట్టు తగాదాల దాకా చూశాను. ‘గొడవ’ అనే మాటను తేలిగ్గా తీసేయవద్దు. అది మెత్తని మాట. “ఏదో చిన్న గొడవలే” అంటే రేపు పొద్దున మళ్లీ ఒకరింటికి ఒకరు వెళ్లడానికి దారి మిగులుతుంది. అదే ‘తగాదా’ అన్నామా, అది ముదురుతుంది. ముదిరితే కక్ష కడతారు, కక్ష కట్టాక పిల్లల పెళ్లిళ్లకు కూడా పిలుపులుండవు. మీ ఊరి వాళ్లు గొడవ అన్నది మీ అత్తను తక్కువ చేయడానికి కాకపోవచ్చు. రక్తసంబంధం తెగకూడదని అలా అని ఉంటారు.

కావలి పాఠకుడు:
మాట మీద ఇంత చర్చ అవసరమా? మాటలు మారుతూనే ఉంటాయి. సంస్కృతంలో రాద్ధాంతం అంటే సిద్ధాంతమే, మనం దాన్ని లేనిపోని హడావుడికి వాడుతున్నాం. గొడవ అంటే ఒక్కోసారి సంగతి అని మాత్రమే అర్థం. “నా గొడవ నాది” అన్నవాడు ఎవరితోనూ కొట్లాడడం లేదు కదా.

కందుకూరు మేనకోడలు:
కావలి వారికి: అర్థం మారుతుందని నాకూ తెలుసు. ఎటు మారింది, దానివల్ల ఎవరికి నష్టం అన్నదే నా బాధ.

పెద్దాయన గారూ, మీ మాటలోనే నాకు జవాబు దొరికింది. ఏ మాట పక్కన ఏ క్రియ చేరుతుందో చూడండి. గొడవను ‘సర్దుతారు’. తగవును ‘తీరుస్తారు’. ‘తగవు చెప్పడం’ అంటే తీర్పు చెప్పడం. పాత తెలుగులో తగవు అంటే అసలు న్యాయమే, ఔచిత్యమే. తగినది, తగు అన్న మాటలున్న కుటుంబంలోదే అది. న్యాయం తెలిసినవాడిని తగవరి అనేవారు. రానురాను తగవు అన్నా పోట్లాటే అయిపోయింది. అయినా ‘తీర్చడం’ మాత్రం దాన్ని వదల్లేదు. పిట్టల పోరును పిల్లి ‘తీర్చింది’ అంటాం, సర్దింది అనం. ఆ పిల్లి ఎలా తీర్చిందన్నది వేరే సంగతి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చూడండి. గొడవ అని పేరు పడగానే సర్దడానికి నలుగురూ వచ్చారు. ఎవరికి ఎంత రావాలని ఒక్కరూ అడగలేదు. అందరూ అత్తకే చెప్పారు: “సర్దుకో తల్లీ.” నాన్నకు గానీ బాబాయికి గానీ ఆ మాట చెప్పినవారు లేరు. చివరికి “పసుపు కుంకుమ కింద అర ఎకరం ఇస్తాం, హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టు” అన్నారు. భాగం కాస్తా పసుపు కుంకుమ అయింది. అడగడం గొడవ అయింది కాబట్టే ఇవ్వడం దయ అయింది. నేను ఆ ఇంటి పిల్లనే, నాన్నంటే నాకు ప్రాణం. అయినా ఇది నాకు మింగుడు పడడం లేదు.

మన నెల్లూరు తిక్కన గారి ఉద్యోగపర్వం సంగతి తీసుకోండి. పాండవులు తమ పాలు తమకు ఇమ్మన్నారు, కనీసం అయిదూళ్లన్నా ఇమ్మన్నారు. రాయబారం పద్యాలు మన ఊళ్లలో రాత్రంతా కూర్చుని విన్నవాళ్లం. ధర్మరాజు గొడవ పెట్టాడని ఎవరైనా అన్నారా?

ఒంగోలు న్యాయవాది:
చట్టం సంగతి వరకు చెబుతాను. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ తేడా లేదు. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కోర్టు కాగితాల్లో మీ అత్త ‘వాది’ అవుతుంది. నేను వేసిన ఏ దావాలోనూ ‘గొడవ’ అని రాయలేదు. రాజీ చేసుకోదలిస్తే లోక్ అదాలత్ ఉంది, కానీ ముందు భాగం ఎంతో తేలాలి. మొత్తం ఎంతో తెలియకుండా చేసుకునేది రాజీ కాదు.

కావలి పాఠకుడు:
క్రియల సంగతి నేను గమనించలేదు. మా ఇంట్లో చెల్లెలు అడిగినప్పుడు మేమూ ‘సర్దుబాటు’ అనే అన్నాం.

కోవూరు పెద్దాయన:
అమ్మా, నీ మాట రెండుసార్లు చదివాను. గొడవ అనే మాట మెత్తనిదన్న అభిప్రాయాన్ని నేను వదులుకోవడం లేదు. భార్యాభర్తల మధ్య, ఇరుగుపొరుగు పిల్లల మధ్య అది మంచి మాటే. అయితే భాగం దగ్గర అది మెత్తగా ఉన్నది ఒక పక్కకే. అది నిజం. నేను సర్దిన పంపకాల్లో నా ఎదుట సంతకాలు పెట్టిన ఆడపడుచులు గుర్తొస్తున్నారు. అందులో ఒకామె కాగితం చదవమని కూడా అడగలేదు, నేనూ చదివి వినిపించలేదు.

మీ వాళ్లు మళ్లీ కూర్చునేటప్పుడు కబురు పంపితే వస్తాను. అడంగల్ నకలు, పాత దస్తావేజులు దగ్గర పెట్టుకోండి. ఈలోగా మీ అత్తను ఏ కాగితం మీదా సంతకం చేయవద్దని చెప్పు. మీ నాన్నగారు మాత్రం తప్పకుండా ఉండాలి, ఆయన లేకుండా తగవు చెప్పను.