‘వెనక చూసిన కార్యమేమోయ్’: ఓదార్పా, హెచ్చరికా?

టీచరు ఉద్యోగం కొద్ది మార్కుల్లో తప్పిపోయిన మా మేనకోడలికి ఎవరో ధైర్యం చెబుతూ గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోని పాదాలు పంపారు:

వెనక చూసిన కార్యమేమోయ్
మంచి గతమున కొంచెమేనోయ్
మందగించక ముందు అడుగేయ్
వెనకపడితే వెనకేనోయ్

చదివాక ఆ పిల్ల ఇంకా కుంగిపోయింది. “ఇప్పటికే వెనకపడ్డాను కదా మావయ్యా, ఇంక నా పని అంతేననేగా దీని అర్థం?” అంది. చివరి పాదం ఒక్కటీ విడిగా తీస్తే అలాగే వినిపిస్తుంది. నాకు మాత్రం అలా అనిపించదు.

ఇక్కడ ‘కార్యం’ అంటే పని కాదు, ప్రయోజనం. వెనక్కి చూడడం తప్పు అని కవి అనలేదు, చూస్తే ఒరిగేదేమిటని అడిగాడు. రెండో పాదంలో ‘కొంచెమే’ ఇంకా విలువైనది. గతంలో మంచి లేదని కొట్టిపారెయ్యలేదు. ఉంది, కానీ కొంచెమే. అంటే ఎక్కువ మంచి ఇంకా రావలసి ఉంది! 1910లో, పరాయి పాలనలో ఉన్న జనానికి మా విజయనగరం మనిషి చెప్పిన మాట ఇది. అప్పట్లో వెనకటి వైభవం తలుచుకుని మురిసిపోవడమే తేలిక.

ఇక మూడో పాదం. ‘ఓడిపోక’ అనలేదు, ‘మందగించక’ అన్నాడు. వెనకపడడమంటే పరీక్ష పోవడం కాదు, పోయాక నడక ఆపెయ్యడం. పైగా ‘ఓయ్’ అన్నది పక్కన నడిచే స్నేహితుడి పిలుపు. మొదటి పాదం పైకి చదవండి: వెనక, చూసిన, కార్య, మేమోయ్. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు). అడుగులు వేస్తున్నట్టే ఉంటుంది.

గేయంలో దీనికి ముందు దేశి సరుకులు అమ్మడం గురించీ, తరవాత చదువుల్లో పోటీ పడమనీ ఉంది. రేపటి మీద ఆశ అంటే ఆయన లెక్కలో చేతికి పని ఉండడమే.

జవాబు, పలాస నుంచి:
2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. అది పంట పోవడం కాదండీ. తాతలు వేసిన చెట్లు పోవడం. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు చూడాలి. అప్పుడు మా నాన్న, “ఏటి సేస్తాం, కూకుంటే సెట్టు లెగుస్తాదా?” అని గోతులు తవ్వడం మొదలెట్టాడు. ఆయన గురజాడను చదవలేదు. మీరు చెప్పిన ‘కార్యమేమోయ్’ నాకు ఆయన గొంతులో వినిపించింది.

జవాబు, బొబ్బిలి నుంచి:
మాస్టారూ, ఇది దేశానికి చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషికి పంపడం న్యాయమా? మా ఇంట్లో మనిషి పోయిన రోజుల్లో ఎవరైనా నాకు ఈ పాదాలు వినిపించి ఉంటే కోపం వచ్చేది.

మళ్ళీ నేను:
మీ మాట నిజం, అమ్మా. చావు దగ్గర ఈ పాదాలు చెప్పకూడదు. ఏడుపుకి దాని సమయం దానికి ఇవ్వాలి. మేమూ మా పిల్లని కొన్నాళ్ళు కదపలేదు. కానీ ఓటమి సంగతి వేరు, అది గురజాడకీ తెలుసు. పాఠాలూ పరీక్షలూ వాడుక తెలుగులో ఉండాలని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిచ్చారు. విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో ఆయన మాట నెగ్గలేదు. 1915 నవంబర్ 30న, 53 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన కోరిన తెలుగులోనే ఇవాళ మనం ఈ చర్చ చేస్తున్నాం, మన పిల్లలు పరీక్షలు రాస్తున్నారు. ఇదంతా చెబితే మా మేనకోడలు గేయం మొత్తం తెప్పించుకుని చదివింది. పాత పుస్తకాలు మళ్ళీ బయటికి తీసింది.

చదువుతూ తను ఒక సందేహం అడిగింది. అదే గేయంలో “జల్దుకొని కళలెల్ల నేర్చుకు” అని ఉంది కదా. ‘జల్దుకొని’ అంటే త్వరపడి అని చెప్పాను. విజయనగరం, శ్రీకాకుళం పెద్దల మాటల్లో ఇది విన్నవాళ్ళుంటే, ఏ సందర్భంలో అనేవారో రాయండి. తనకి చూపిస్తాను.