వైట్ రిమ్ రోడ్డు మీద మూడు రోజుల క్యాంపింగ్: పదహారు మందికి నాలుగు జీపులు సరిపోతాయా?

ప్రశ్న: కూకట్‌పల్లి సభ్యుడు

అందరికీ నమస్కారం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోఆబ్ అనే ఊరి దగ్గర ఉన్న కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు వెళ్లి, అక్కడి వైట్ రిమ్ రోడ్డు మీద జీపుల్లో మూడు పగళ్లు, రెండు రాత్రులు గడపాలని మా మిత్రులం అనుకుంటున్నాము. హైదరాబాద్ నుంచి పదకొండు మందిమి బయలుదేరుతాము. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది కుటుంబమూ వారి స్నేహితులూ కలిస్తే మొత్తం పదహారు మంది అవుతాము. వారిలో ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు ఉన్నారు. మాలో నలుగురికి సొంత థార్, జిమ్నీ బండ్లు ఉన్నాయి, వారాంతాల్లో నగరం చుట్టుపక్కల రాళ్ల దారుల్లో నడిపిన అలవాటు కూడా ఉంది.

ఇంట్లో జరుగుతున్న చర్చ ఏమిటంటే, పిల్లల చదువులు పాడుకాకుండా మే నెలాఖరులో, వేసవి సెలవుల్లో వెళ్దామని సగం మంది అంటుంటే, ఎండకు భయపడి దసరా సెలవులే మేలని మిగతావారు పట్టుబడుతున్నారు. నాలుగు జీపులు అద్దెకు తీసుకుంటే సరిపోతుందా, నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి, వంట ఎలా చేసుకోవాలి అనే విషయాల్లో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. బియ్యం, పప్పులు, పచ్చళ్లు అన్నీ ఇక్కడి నుంచే మూట కట్టి ఇస్తానని మా అత్తగారు ఇప్పటికే డబ్బాలు బయటికి తీశారు.

జవాబు: మణికొండ సభ్యుడు

మీరు జీపుల లెక్క దగ్గర మొదలుపెట్టారు కాని, ముందు తేలవలసినది మనుషుల లెక్క. వైట్ రిమ్ మీద ఎక్కడ పడితే అక్కడ గుడారం వేసుకోవడానికి వీల్లేదు. పార్కువారు గుర్తించిన క్యాంపుల్లోనే, ముందుగా తీసుకున్న పర్మిట్‌తోనే రాత్రి బస చేయాలి, ఒక్కో క్యాంపు స్థలంలో ఒక బృందానికి గరిష్ఠంగా పదిహేను మందిని, మూడు వాహనాలను మాత్రమే అనుమతిస్తారు. అంటే మీ పదహారో మనిషితోనూ, నాలుగో జీపుతోనూ మీ ప్రణాళిక నిబంధన దాటిపోయింది. రెండు బృందాలుగా చీలి రెండు వేర్వేరు స్థలాలకు పర్మిట్లు తీసుకోవచ్చు కాని, ఆ దారిలో క్యాంపులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. రెండు రాత్రులకూ రెండేసి స్థలాలు పక్కపక్కనే దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఇక కాలం సంగతి. వైట్ రిమ్ సుమారు 160 కిలోమీటర్ల దారి. పైన ఉన్న ఐలాండ్ ఇన్ ది స్కై పీఠభూమి చుట్టూ, దానికంటే దాదాపు 350 మీటర్ల దిగువన, మెట్టులాంటి రాతి అంచు మీదుగా సాగుతుంది. 1950లలో యురేనియం వెతుకులాట కోసం వేసిన బాట అది, తారు అన్నది ఉండదు. పడమటి వైపున ఈ దారి గ్రీన్ నదికి బాగా దగ్గరగా వస్తుంది. కొండల మీది మంచు కరిగి నది నిండుగా పారే వసంతాంతంలో, అంటే సరిగ్గా మీవారు అంటున్న మే నెలాఖరు ప్రాంతంలో, అక్కడ కొంత మేర నీళ్లు దారి మీదికి వచ్చే అవకాశం ఉంటుంది. అలా జరిగితే చుట్టు పూర్తి చేయలేక వచ్చిన దారినే వెనక్కి రావాలి. జూన్ నుంచి ఎండ తరచుగా 38 డిగ్రీలు దాటుతుంది, దారిలో చెట్టు నీడ అనేది దాదాపు లేదు. అక్టోబరులో పగలు 15 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది కాని, రాత్రి సున్నా దరిదాపులకు పడిపోవచ్చు. మన దగ్గర ఉన్ని దుప్పట్లు చాలులే అనుకునేవారికి మంచి స్లీపింగ్ బ్యాగులు తప్పనిసరి అని గట్టిగా చెప్పండి. అందువల్ల దసరానే ఖాయం చేసుకోండి. సెప్టెంబరు రెండో వారంలో మొదలయ్యే ఆ సీజన్‌కు పర్మిట్లు నాలుగు నెలల ముందే, మే నెలలో, రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో విడుదలవుతాయి. ఆ రోజు ఎవరు కూర్చుని బుక్ చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి. పర్మిట్ చేతికి వచ్చాకే విమానం టికెట్లు కొనడం మేలు, ఎందుకంటే చాలామంది ఈ వరుసను తారుమారు చేసి ఇబ్బంది పడుతుంటారు.

పర్మిట్ దొరకకపోతే నిరాశ పడనక్కరలేదు. పీఠభూమి మీది నుంచి షేఫర్ ట్రెయిల్ అనే మట్టి దారి మలుపులు దిగి, వైట్ రిమ్ మీదికి వెళ్లకుండా పొటాష్ రోడ్డు గుండా మోఆబ్ చేరే ఒక్కరోజు ప్రయాణానికి ఆ పర్మిట్ అక్కర్లేదు. నిజం చెప్పాలంటే, చిన్నపిల్లలున్న కుటుంబానికి నేను దానినే మొదట సూచిస్తాను.

జవాబు: అల్వాల్ సభ్యుడు

నేను సైన్యంలో చాలాకాలం వాహనాల విభాగంలో పనిచేశాను కనుక బండ్ల గురించే చెబుతాను. పదిహేను మందికి అనుమతి ఉంది కదా అని మూడు జీపుల్లో అయిదుగురు చొప్పున ఎక్కించే ఆలోచన చేయవద్దు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక చీటీ అతికించి ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో దాని మీద స్పష్టంగా రాసి ఉంటుంది. నాలుగు తలుపుల జీప్ ర్యాంగ్లర్ అయినా సరే, అయిదుగురు పెద్దలు కూర్చున్నాక నీళ్లకు, గుడారాలకు, పొయ్యికి మిగిలే బరువూ చోటూ రెండూ చాలవు. కప్పు మీద బరువు వేస్తే గుండ్రాళ్ల దారిలో బండి ఊగిపోతుంది. కాబట్టి పదిహేను అనేది కాగితం మీది సంఖ్య, మీకు అసలు సంఖ్య పన్నెండు. పైగా ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రత్యేక సీటు ఉండాలని యూటా చట్టం చెబుతుంది, కాబట్టి ఆరేళ్ల పాప సీటు వెనక వరుసలో ఇంకాస్త చోటు తీసుకుంటుంది.

మామూలు కారు అద్దె కంపెనీల ఒప్పందాల్లో తారు రోడ్డు దిగకూడదనే షరతు సాధారణంగా ఉంటుంది, దానిని మీరితే బీమా వర్తించదు. మోఆబ్‌లో ఇలాంటి దారుల కోసమే జీపులు అద్దెకిచ్చేవారు ఉన్నారు, వారితో మాట్లాడి వైట్ రిమ్ పేరు, రాత్రి బస విషయం ఒప్పందంలో రాయించుకోండి. లోపల బండి చెడిపోతే బయటికి లాగించడానికి వెయ్యి డాలర్లు దాటే ఖర్చు అవుతుందని పార్కువారే హెచ్చరిస్తారు. లో రేంజ్ (తక్కువ వేగంలో చక్రాలకు ఎక్కువ బలం ఇచ్చే గేర్ల అమరిక) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్, నేలకు ఎత్తుగా ఉండే బండి అక్కడ నిబంధన ప్రకారమే తప్పనిసరి. మన దగ్గర దొరికే చిన్న ఏటీవీల (బైకులా ఎక్కి నడిపే నాలుగు చక్రాల బండ్ల) వంటివాటిని పార్కులోకి రానివ్వరు.

మీ నలుగురు డ్రైవర్ల అలవాటు మంచిదే కాని, ఒక చిక్కు ఉంది. మనం ఇక్కడ కుడివైపు కూర్చుని నడుపుతాము, ఎడమ చక్రం ఎక్కడ ఉందో అంచనా వేయడం నేర్చుకున్నాము. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కనుక మనకు తెలియకుండానే బండిని కుడి అంచుకు నెట్టేస్తాము. షేఫర్ మలుపుల్లోనూ, మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే నిటారు ఎత్తు ఎక్కేటప్పుడూ బానెట్ ముందు ఆకాశం తప్ప మరేమీ కనిపించని క్షణాలు వస్తాయి. అటువంటి చోట ఒకరు దిగి ముందు నిలబడి, చక్రం ఏ రాయి మీద పడాలో చేతితో చూపించాలి. సైగలు ఇచ్చేది ఒక్కరే కావాలి, నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే డ్రైవరు ఎవరి మాటా వినడు. ఎదురుగా బండి వస్తే, ఎత్తు ఎక్కుతున్న బండికి దారి ఇవ్వడం అక్కడి మర్యాద. థార్ గేర్లతో ఇంజిన్ బ్రేకు వేసుకునే అలవాటు ఉన్నవారు, అద్దెకు దొరికేవి ఎక్కువగా ఆటోమేటిక్ బండ్లు కనుక, లో రేంజ్‌లో మొదటి గేరును పట్టి ఉంచడం ముందు రోజే మోఆబ్ దగ్గరి సులువైన దారిలో సాధన చేయాలి. టైర్లలో గాలిని అద్దెకిచ్చినవారు ఒప్పుకుంటే 20 పీఎస్ఐ ప్రాంతానికి తగ్గిస్తే రాళ్ల మీద కుదుపులు తగ్గుతాయి, ఇసుకలో పట్టు పెరుగుతుంది. మళ్లీ తారు మీదికి వచ్చాక నింపడానికి కంప్రెసర్ ఉండాలి. మూడు బండ్లకూ ఒకే రకం టైర్లు ఉండేలా చూసుకుంటే ఒకరి స్టెప్నీ మరొకరికి పనికి వస్తుంది. పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, మోఆబ్‌లోనే ట్యాంకు నింపుకోవాలి. డ్రైవర్లందరూ ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, దానికి ఏడాది గడువు ఉంటుంది.

జవాబు: నల్లకుంట సభ్యురాలు

వంట, నీళ్ల సంగతి నేను చెబుతాను. దారిలో తాగడానికి పనికివచ్చే నీరు ఎక్కడా దొరకదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు కనీసం అనుకోవాలి. పై సభ్యులు చెప్పినట్లు పన్నెండు మందికి తగ్గితే రోజుకు 48 లీటర్లు. మూడు రోజులకు తోడు, బండి ఆగిపోయినా వాన వల్ల దారి మూసుకుపోయినా ఆదుకునేలా ఒక రోజు అదనంగా వేసుకుంటే 192 లీటర్లు, అంటే ఒక్కో జీపుకు 64 కిలోలు. ఆ నీళ్లన్నీ ఒకే బండిలో వేయవద్దు, ఒక పెద్ద డ్రమ్ములోనూ పోయవద్దు. ఇరవై లీటర్ల క్యాన్లయితే ఒకటి చిట్లినా మిగతావి ఉంటాయి.

అత్తగారి డబ్బాల విషయం కొంచెం సున్నితంగా చెప్పాలి. భారతదేశం నుంచి సామాన్లలో బియ్యం, శనగలు తీసుకెళ్లడాన్ని ఖాప్రా అనే గింజల పురుగు కారణంగా అమెరికా నిషేధించింది, విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అసలు పెట్టవద్దు. కంపెనీ సీలు ఉన్న మామిడికాయ పచ్చడి, కారప్పొడులు తీసుకెళ్లినా, ఆహార పదార్థాలు ఉన్నాయని కస్టమ్స్ వారికి తప్పక తెలియజేయండి. మిగతావన్నీ సాల్ట్ లేక్ సిటీలోని భారతీయ దుకాణాల్లో కొనుక్కోవచ్చు. అక్కడి నుంచి మోఆబ్ 380 కిలోమీటర్లు ఉంటుంది. వంట గ్యాస్ డబ్బాను విమానంలో ఎక్కించనివ్వరు, ఇంతకుముందు వాడిన పొయ్యిలో వాసన తగిలినా ఆపుతారు కనుక పొయ్యి, గ్యాస్ కూడా అక్కడే కొనాలి. కట్టెల మంట పూర్తిగా నిషేధం.

ఆ ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి కనుక మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి గ్యాసు వృథా అవుతుంది. చిన్న కుక్కరు పెట్టుకోండి, లేదా కందిపప్పు మానేసి పెసరపప్పు, అటుకులు, గోధుమ రవ్వ ఉప్మా, చింతపండు పులిహోర పేస్టు వంటివాటితో సరిపెట్టండి. గిన్నెలు కడిగే నీరు కూడా ఆ 192 లీటర్లలోదే కనుక, మొదట టిష్యూతో గిన్నెను తుడిచి, తర్వాత గ్లాసెడు నీళ్లతోనే కడగాలి. మన ఇళ్లలో పంపు తిప్పి గిన్నె కింద పెట్టే అలవాటును అక్కడ మాన్పించడం వంటకంటే కష్టం. జనవరిలోనో ఫిబ్రవరిలోనో అందరూ కలిసి గండికోటకు వెళ్లి, పెన్నా లోయ అంచున పట్టుకెళ్లిన నీళ్లతోనే ఒక రాత్రి గడిపి చూడండి. ఎవరికి ఎన్ని నీళ్లు కావాలో, ఎవరు గుడారంలో నిద్రపోలేరో అక్కడే తెలిసిపోతుంది.

వైట్ రిమ్ క్యాంపుల్లో మరుగుదొడ్లు ఉన్నాయి కాని నీటి సరఫరా ఉండదు, చెత్తబుట్టలు కూడా ఉండవు. తెచ్చిన చెత్తంతా తిరిగి తీసుకురావాలి. పిల్లలకు ఒక మాట ముందే చెప్పండి: దారి పక్కన నల్లగా, పొక్కుపొక్కులుగా కనిపించే నేలపొర ఒక సజీవ పదార్థం, సూక్ష్మజీవులు అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. ఒక అడుగు పడితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రాళ్ల మీదనో, ఎండిన వాగు ఇసుకలోనో నడవనివ్వండి.

ప్రశ్న అడిగిన కూకట్‌పల్లి సభ్యుడు

అందరికీ ధన్యవాదాలు. పన్నెండు మంది, మూడు జీపులు అని నిర్ణయించాము. పాపతో పాటు వాళ్ల అమ్మానాన్నలు, ఇంకొకరు మోఆబ్‌లోనే హోటల్లో ఉండి, పొటాష్ దారి వరకు ఒక్కరోజు ప్రయాణం చేస్తారు. అత్తగారు కారప్పొడికి ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది: అక్టోబరులో వాన గురించి, ఫోన్ సిగ్నల్ గురించి ఎంతవరకు ఆలోచించాలి?

జవాబు: మణికొండ సభ్యుడు

అక్టోబరులో వాన తక్కువే కాని, ఎప్పుడు పడినా తీవ్రమైన విషయమే. ఎండిన వాగుల్లోకి వరద రావడానికి వాన మీ నెత్తినే పడనక్కరలేదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది చనిపోయారు, ఆ వాన కురిసింది అక్కడికి ఎన్నో కిలోమీటర్ల ఎగువన. 2010 ఆగస్టులో వచ్చిన వరదకు మినరల్ బాటమ్ మలుపుల రోడ్డే కొట్టుకుపోయింది, మీరు బయటికి వచ్చేది ఆ దారినే. అందువల్ల బయలుదేరే ఉదయం పార్కు కార్యాలయంలో దారి స్థితి అడగండి. వాగు గర్భంలో బండి ఆపి భోజనానికి కూర్చోవద్దు. వెనక్కి తిరగాలనే నిర్ణయం ఎవరిదో హైదరాబాద్‌లోనే తేల్చి, ఆ ఒక్కరి మాటను మిగతా పదకొండు మంది వినాలని ఒప్పుకోండి.

ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి ఉండాలి. అయితే దానిని కొనకుండా అక్కడ అద్దెకు తీసుకోండి. అనుమతి లేని శాటిలైట్ ఫోన్‌ను భారతదేశంలోకి తేవడం చట్టవిరుద్ధం, ఇలాంటి పరికరాలతో విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల దాకా వెళ్లినవారు ఉన్నారు. శంషాబాద్‌లో దిగేటప్పుడు మీలో ఎవరి సంచిలోనూ అది మిగిలి ఉండకుండా, వాపసు ఇచ్చే బాధ్యత డాలస్ వారికి అప్పగించండి.