రాలిన గింజల నుంచి వచ్చిన చంద్రకాంతలు వేరే రంగులు పూస్తున్నాయి, మీకూ ఇలాగే అయిందా?

పెరటితోట_బెజవాడ:
పోయినేడు రెండే రంగులు వేశానండీ, ఒకటి ముదురు గులాబీ, ఒకటి పసుపు. గింజలు రాలి ఈ వానలకి వాటంతటవే మొలిచాయి, నేను ఒక్కటి కూడా నాటలేదు. ఇప్పుడు చూస్తే ఒక మొక్కకి పసుపు మీద గులాబీ చారలు, ఇంకో కొమ్మకి మొత్తం పసుపే, పక్క పువ్వు సగం సగం! పక్కింటి పిన్నిగారు మట్టి మారిందేమో అంటున్నారు, బియ్యం కడుగు పోస్తున్నా, దానివల్లా?

మిద్దెమీద_పూలు:
కడుగు వల్ల కాదండీ. మా వరంగల్‌లో అమ్మ వాళ్ళింట్లో ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు, ఏ ఏటి రంగులు ఆ ఏటివే. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటాయి కదా, చీకటి పడ్డాక మాత్‌లు, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుకల్లాంటి పురుగులు, వచ్చి ఒక పువ్వు పుప్పొడి ఇంకోదానికి అంటిస్తాయి. అట్లా కలిసిన గింజే మీకిప్పుడు మొలిచింది.

బోటనీ_టీచర్:
పైన చెప్పింది కరెక్టే. జర్మనీలో కారెన్స్ అనే ఆయన మెండెల్ సూత్రాలు (తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా వస్తాయో చెప్పేవి) మళ్ళీ వెలుగులోకి తెచ్చిన వాళ్ళలో ఒకరు, 1900లో, ఆయన పనిచేసిన మొక్కల్లో మన చంద్రకాంత ఉంది. ఎరుపు, తెలుపు కలిపితే పిల్లలన్నీ గులాబీ, ఆ గులాబీల గింజలు వేస్తే నాలుగింటికి ఒకటి ఎరుపు, రెండు గులాబీ, ఒకటి తెలుపు లెక్కన వస్తాయి. అందుకే మొక్క చూడ్డానికి ఒకే రంగున్నా లోపల ఏం దాచుకుందో చెప్పలేం. చారల సంగతి వేరు, పువ్వు తయారయ్యేటప్పుడు రంగు జన్యువు కొన్ని కణాల్లో పనిచేసి కొన్నిట్లో ఆగిపోతుంది, అందుకే ఒకే చెట్టుకి రకరకాలు. ఆ రంగు కూడా బీట్‌రూట్‌లో ఉండే జాతిదే, బీటాలైన్ అంటారు. ఆకుల మీద తెల్లమచ్చలుంటే మాత్రం అది తల్లి మొక్క నుంచే వస్తుంది, పుప్పొడి ఎక్కడిదైనా సరే.

గుమ్మంముందు_బిళ్ళగన్నేరు:
మాకు బిళ్ళగన్నేరులో అయింది. గులాబీ రంగు ఒక్కటే కొన్నాను, గచ్చు పగుళ్ళలో మొలిచినవాట్లో రెండు తెల్లవి, మధ్యలో ఎర్రచుక్కతో. ఎంత ముద్దుగా ఉన్నాయో, పీకబుద్ధి కాలేదు.

డాలస్_తెలుగమ్మాయి:
ఇక్కడ చలికి పైమొక్క మొత్తం చచ్చిపోతుందండీ కానీ దుంప బతికి మళ్ళీ చిగురిస్తుంది. దుంపనుంచి వచ్చింది పాత రంగే పూస్తోంది, గింజవే మారుతున్నాయి. నచ్చిన రంగు కావాలంటే దుంప దాచుకోండి. చిన్నపిల్లలుంటే ఆ నల్లగింజలు జాగ్రత్త, మిరియాల్లా ఉంటాయి, విషం.

పెరటితోట_బెజవాడ:
అందరికీ థాంక్సండీ, మనసు తేలికైంది. ఆ సగం సగం మొక్కకి ఎర్రదారం కట్టి గుర్తుపెట్టా, మొగ్గలకి సాయంత్రానికి ముందే పల్చటి గుడ్డ కడతా, తన పుప్పొడితోనే గింజ కడుతుందట కదా. పువ్వుకి ఒక్కటే గింజ కాబట్టి రోజూ ఏరాలి. వచ్చే వానలకి ఏం పూసిందో ఇక్కడే ఫొటో పెడతాను.