స్టోరేజ్ వార్స్: ఆ వేలంపాటలు నిజమా, నాటకమా?

పాతసామాను:
చర్చ మొదలుపెట్టింది నేనే కాబట్టి నా మాట ముందే చెప్పేస్తున్నా. నాటకమే. చూడనివాళ్ల కోసం చెప్తున్నా: అమెరికాలో ఇంట్లో పట్టని సామాను స్టోరేజ్ గదుల్లో పెట్టుకుని నెలనెలా అద్దె కడతారు. కట్టడం ఆపేస్తే గది మొత్తం వేలం వేస్తారు. కాలిఫోర్నియాలో జరిగే ఈ వేలాల మీద ఏ అండ్ ఈ ఛానల్ 2010 డిసెంబర్‌లో షో మొదలుపెట్టింది. తాళం కోస్తారు, షట్టర్ ఎత్తుతారు, గుమ్మం బయట నిలబడి ఐదు నిమిషాలు చూసుకోవాలి. లోపల అడుగు పెట్టకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. ఆ తర్వాత పాట. ఎపిసోడ్ అయ్యేసరికి ఎవడికో ఒకడికి నిధి దొరకాల్సిందే!

ఆ షోలో "యప్" అని అరిచి పాట పాడే డేవ్ హెస్టరే 2012 డిసెంబర్‌లో కోర్టుకెక్కాడు. సామాను షో వాళ్లే తెచ్చి పెడుతున్నారన్నాడు. చెత్త కింద బీఎండబ్ల్యూ మినీ కారు దొరికిందట, ఎల్విస్ ప్రెస్లీ చనిపోయిన వార్తలున్న పాత పేపర్లు దొరికాయట. కొందరికి పాట పాడటానికి డబ్బు కూడా వాళ్లే ఇచ్చారని రాశాడు. ఇంకేం కావాలి?

సెక్షన్420:
రుజువు కావాలి. షో నుంచి తీసేశాక వేసిన కేసు అది. 2013 మార్చిలో జడ్జి అందులో అన్యాయమైన వ్యాపార పద్ధతులన్న భాగం కొట్టేశారు, షో భావప్రకటన స్వేచ్ఛ కిందకు వస్తుందన్నారు. ఛానల్ లాయర్ల ఖర్చు కూడా హెస్టర్ నెత్తినే పడింది. మిగిలిన ఉద్యోగం గొడవ 2014లో రాజీ అయింది. అయ్యాక అదే మనిషి అదే షోకి తిరిగొచ్చి మళ్లీ పాట పాడాడు. ఇదా మీ సాక్షి?

చింతచిగురు:
బిగ్‌బాస్ సంగతి తేలాక ఇది చూద్దాం.

పాతసామాను:
భావప్రకటన స్వేచ్ఛ అంటే ఏంటండీ? "పెట్టినా పెడతాం, మా ఇష్టం" అనడమేగా! పెట్టలేదని జడ్జి ఎక్కడన్నారు?

సెక్షన్420:
పెట్టారని ఎక్కడన్నారు?

పాతసామాను:
సరే, పాత సంగతి చెప్తా. 'ట్వంటీ వన్' అనే క్విజ్ షోలో జవాబులు ముందే చెప్పి ఆడించారు. అందులో ఆడిన ఛార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. దాంతో 1960లో చట్టం తెచ్చారు. హెస్టర్ చూపించింది ఆ చట్టాన్నే. ఊరికే తెస్తారా చట్టం?

సెక్షన్420:
ఆ చట్టం తెలివికో, నైపుణ్యానికో, అదృష్టానికో పెట్టే పోటీల గురించి. వేలంపాట పోటీ ఎలా అవుతుంది? గెలిచినవాడికి కప్పు ఇచ్చారా?

షట్టర్‌భాస్కర్:
నేనో స్టోరేజ్ ఆఫీసులో రెండేళ్లు పార్ట్‌టైమ్ చేశాను. మా దగ్గర ఐదు నిమిషాలు ఎవరిచ్చారు! టార్చి కొట్టి చూశామా, పక్కకు జరిగామా, అంతే. ఇప్పుడు చాలాచోట్ల అదీ లేదు, ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో పాడుకోవడమే. ఎక్కువగా దొరికేవి పరుపులు, బీరువా ముక్కలు, పిల్లల సైకిళ్లు.

సెక్షన్420:
ఐదు నిమిషాలా, అంతకంటే తక్కువా? తేల్చి చెప్పండి.

పాతసామాను:
మీ నిమిషాలు పక్కన పెట్టండి. ఆ షో చూసి హ్యూస్టన్‌లో 1,100 డాలర్లు పెట్టి గది పాడుకున్నాను. లోపల తడిసిన సోఫా, పాడైపోయిన డ్రైయర్, పదిహేను సంచుల పాత బట్టలు. రెండు రోజుల్లో ఖాళీ చేయాలన్నారు. ట్రక్కు అద్దె, డంప్‌యార్డ్ ఛార్జీ అదనం. "నిధి ఎక్కడ పెట్టావ్" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. పచ్చి మోసం.

చింతచిగురు:
అదీ అసలు కథ 😀

కృష్ణవేణి:
పొద్దున్నుంచీ చదువుతున్నాను. నిధి దొరకలేదని ఒకరి బాధ, రుజువు లేదని ఇంకొకరి వాదన. ఆ సామాను ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

నాన్నకు బాగాలేదంటే విజయవాడ వెళ్లి ఐదు నెలలు ఉండిపోయాను. నా కార్డు గడువు అయిపోయి అద్దె కట్ అవడం ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి గదికి వేరేవాళ్ల తాళం. అందులో మా అమ్మ సామాను ఓ పెట్టెలో పెట్టాను. పసుపు మరకలున్న ఆవకాయ కొలతల నోటుబుక్కు, రెండు పట్టుచీరలు. పెట్టె మీద మార్కర్‌తో తెలుగులో రాశాను, "అమ్మ. తలకిందులుగా పెట్టొద్దు" అని.

సెక్షన్420:
మేడమ్, బాధ అర్థమైంది. కానీ నోటీసు పంపకుండా వేలం వేయరు. పాటలో బాకీ కంటే ఎక్కువొస్తే మిగిలింది మీదే, కాలిఫోర్నియాలో ఏడాదిలోపు అడిగి తీసుకోవచ్చు.

కృష్ణవేణి:
నోటీసు పాత అడ్రస్‌కి వెళ్లింది. పాట బాకీ కంటే తక్కువకే ముగిసింది. మీ సెక్షన్ ఆవకాయ పెడుతుందా?

సెక్షన్420:
అడ్రస్ మార్చుకోకపోవడం ఎవరి తప్పు?

షట్టర్‌భాస్కర్:
బ్రో, ఆపు.

పాతసామాను:
నేను మాత్రం ఏం చేశానండీ? నా డబ్బూ పోయింది కదా. మోసపోయింది నేను కూడా.

కృష్ణవేణి:
మీకు ఆ షో నాటకమని కోపం. నేను మాత్రం నాటకమే అయ్యుండాలని కోరుకుంటూ చూస్తాను. ఆ కారు వాళ్లే తెచ్చి పెట్టి ఉంటే ఎవరి కొంపా మునగలేదు. నిజమైన గదైతే, వాళ్లు నవ్వుతూ విసిరేసే ఆ అట్టపెట్టెలు ఎవరివి? మీరు కొన్న గదిలో ఫొటోలు, కాగితాలు లేవా?

పాతసామాను:
ఒక ఆల్బమ్ ఉంది. ఎవరో పాప పుట్టినరోజు ఫొటోలు. అలాంటివి ఆఫీసులో ఇవ్వమన్నారు.

కృష్ణవేణి:
ఇచ్చారా?

పాతసామాను:
ఇచ్చాను. వెంటనే కాదు. రెండు వారాలు కారు డిక్కీలోనే ఉండిపోయింది. అక్కడి కుర్రాడు తీసుకుని కౌంటర్ కింద పెట్టాడు. తర్వాత ఏమైందో నేను అడగలేదండీ.

సెక్షన్420:
సరే, మినీ కారు విషయానికొద్దాం. అది షో వాళ్లే పెట్టారనడానికి హెస్టర్ మాట తప్ప ఇంకేమైనా ఉందా?